ప్రదర్శనకర్తయు వ్యాఖ్యాతయు : ఓక్వీ ఎన్వెజర్ కృషి

సంకలనకర్తకు రచయిత యను పేరు చెల్లునా యను ప్రశ్న యాంధ్రపండితులకుఁ గ్రొత్తది కాదు. మడికి సింగన సకలనీతిసమ్మతమునందును, పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరమునందును బహుకవుల పద్యములను గూర్చిరి. కూర్చినవి పరుల పద్యములే యైనను, కూర్పునందు వారి రుచియు వారి విమర్శనశక్తియుఁ గానవచ్చుచునే యున్నవి. గ్రహింపఁబడిన పద్యము నిలిచినది. విడువఁబడినది పెక్కుచోట్ల నశించినది. ఆ సంకలనములే లేకున్నచోఁ గొందఱు కవుల పేరులైనను నేఁడు తెలిసియుండవు. కావునఁ గూర్పరి చేయునది యొక తీర్పే.

చిత్రశిల్పాది కళలయం దిట్టి తీర్పరికిఁ బాశ్చాత్యదేశములలోఁ గ్యూరేటరని పేరు. సంరక్షణార్థకమగు లాటిన్ పదమునుండి యీ మాట పుట్టినది. తొలుత నాతఁడు ప్రదర్శనశాలలోని వస్తువులకుఁ బట్టిక వ్రాసి, వానిని జెమ్మనుండియుఁ బురుగునుండియుఁ గాపాడు నుద్యోగి మాత్రమే. ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున నీ యుద్యోగి స్వరూపము మాఱినది. జీవించియున్న కళాకారుల కృతులను దేశదేశములనుండి రప్పించి, యొక యభిప్రాయసూత్రమున గ్రుచ్చి, కొంతకాలము ప్రజలకుఁ జూపి, పిదప వాని వాని యిండ్లకుఁ బంపివేయు ప్రదర్శనకర్త యయ్యెను. స్విట్జర్లాండు దేశీయుఁడగు హెరాల్డ్ జేమాన్ 1972లో జర్మనీలోని కాసెల్ నగరమున ఐదవ డాక్యుమెంటా ప్రదర్శనమును నడపినపుడు, ఫ్రెంచి చిత్రకారుఁడు డానియల్ బ్యురెన్ ఆ ప్రదర్శనముయొక్క గ్రంథమునందే యొక యాక్షేపణమును బ్రకటించెను. ప్రదర్శనకర్త తన ప్రదర్శనమునే యొక కృతిగాఁ జేసికొని, యితరుల కృతులను దానిలో రంగుపూఁతలుగా వాడుకొనుచున్నాఁడనుట యా యాక్షేపణసారము. నేఁటికిని దీనికిఁ బూర్తిగా సమాధానము చెప్పినవారు లేరు. దీనిని నికషముగాఁ గొని పరీక్షింపఁదగిన జీవితము ఓక్వీ ఎన్వెజరుది.

ఎన్వెజర్ 1963వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన నైజీరియా దేశమునఁ గలబార్ పట్టణమున జన్మించెను. ఇగ్బో జాతీయుఁడు. ఆతనికి నాలుగేండ్లు నిండకమునుపే బయాఫ్రా యుద్ధము ప్రారంభమయ్యెను. 1967 మొదలు 1970 వఱకు సాగిన యా యంతర్యుద్ధమున నిగ్బోలు లక్షలకొలఁది మరణించిరి. ఆయుధములకంటె నాఁకలియే యెక్కువమందిని బొట్టనఁబెట్టుకొన్నది. ఎన్వెజర్ కుటుంబము చోటు విడిచి చోటునకుఁ దరలుచుఁ దుదకు ఎనూగు నగరమున నిలిచినది. 1982లో నాతఁడు విద్యార్థియై అమెరికా చేరెను. అచట నభ్యసించినది చిత్రకళ కాదు, కళాచరిత్రయుఁ గాదు. న్యూజెర్సీలో రాజనీతిశాస్త్రమునఁ బట్టము పొందెను. తరువాత న్యూయార్కు నగరమున నింగ్లీషులోఁ గవిత్వము వ్రాసి సభలలోఁ జదువుచుండెను. ఆ నగరపుఁ జిత్రశాలలకుఁ బోవుచు, వానియందు ఆఫ్రికా దేశీయుల పేరు లరుదుగానైనను గానరాకుండుటకుఁ గారణ మేమని విచారింపసాగెను.

ఈ విద్యాభేదము తరువాతి కథకు ముఖ్యము. కళాచరిత్ర చదువనివాఁడు కళాప్రదర్శనములు నడపుటేమని యాక్షేపింప వచ్చును. కాని చిత్రమును జూచునపుడు వర్ణరేఖలతోఁ దృప్తి నొందక, దీనిని జేసినవాఁ డెవఁడు, చేయించినవాఁ డెవఁడు, చూచు హక్కు గలవాఁ డెవఁడు, భద్రపఱచినవాఁ డెవఁడు అని ప్రశ్నించుట కాతనికి రాజనీతిశాస్త్రమే నేర్పినది. కవిత్వము నేర్పినది వేఱొకటి: పదము ప్రక్కఁ బదము నిలిపినచో రెంటికిని గ్రొత్త యర్థము గలుగునను రహస్యము. ఇఁక నాతని గద్యమో, దీర్ఘవాక్యభూయిష్ఠము. ఆతని పీఠికలు చదువరికి నారికేళపాకములే. గోడలపైఁ బల్కినంత సుబోధముగా నాతఁడు కాగితముపైఁ బల్కలేదు.

1994లో నాతఁడు 'న్కా' యను పత్రికను స్థాపించెను. ఇగ్బో భాషలో నా పదమునకుఁ గళ యని యర్థము. సలాహ్ హసన్, ఒలు ఓగుయిబె, చికా ఒకెకే-అగులు మొదలగు విద్వాంసు లందుఁ దోడ్పడిరి. అప్పటి పాశ్చాత్యులలోఁ బెక్కుర దృష్టికి ఆఫ్రికా కళ యనఁగాఁ గొయ్యముసుగులు, పితృదేవతల ప్రతిమలు. కాకున్న, చదువెఱుఁగని పల్లెవాఁడు స్వయంప్రతిభచేఁ గల్పించిన వింతలు. పాఠశాలలోఁ జదివి, నగరమున వసించి, తన కాలమును గూర్చి తలపోయు నాఫ్రికా చిత్రకారుఁ డా దృష్టి కానఁడు. అట్టివానికిఁ గావలసినది జాలియుఁ గాదు, పొగడ్తయుఁ గాదు. ఇతరదేశముల చిత్రకారులకు లభించునట్టి నిష్పక్షపాతవిమర్శ. ఆ పత్రిక యుద్దేశించిన దదియే. ప్రదర్శనకర్తగాఁ బ్రసిద్ధుఁడు కాకమునుపే యాతఁడు పత్రికాసంపాదకుఁ డగుట గమనింపఁదగినది. ఏ వ్యాసము మొదట నుండవలెను, దేని వెనుక నేది రావలెను అను సంపాదకుని బుద్ధియే తరువాత నాతఁడు గదుల నమర్చిన తీరునఁ గానవచ్చును.

1996లో న్యూయార్కునందలి గుగెన్‌హైమ్ ప్రదర్శనశాలలోఁ బ్రాచీనాఫ్రికా శిల్పముల మహాప్రదర్శన మొకటి జరగెను. లండనునందుఁ గూర్పఁబడి వచ్చిన యా ప్రదర్శనము వేలయేండ్ల శిల్పములను జూపి, యాధునికకాలపు గడపయొద్ద నాఁగిపోయినది. ఆ శాలలోనే, ఆ నెలలలోనే, ఎన్వెజరును సహచరులును 1940 మొదలుకొని యాఫ్రికా దేశీయులు తీసిన ఛాయాచిత్రముల ప్రదర్శనమును నెలకొల్పిరి. ముప్పదిమంది ఛాయాగ్రాహకులు, అందఱును ఆఫ్రికావారే. మాలీ దేశపు బమాకో నగరమున 1948లో వృత్తిశాలను దెఱచిన సేదూ కైటా తీసిన చిత్రము లందు ముఖ్యములు. పువ్వుల దుప్పటి తెఱగా వ్రేలాడుచుండును. దానిముందు నగరస్త్రీ తన మేలిచీరలతోను, గుమాస్తా తన చేతిగడియారముతోను, యువకుఁడు రేడియోపెట్టెతోను గూర్చుండియుందురు. యూరపు దొరలు తీయించిన పూర్వపు ఛాయాచిత్రములలో నాఫ్రికావాఁడు జాతికి మచ్చుగా నిలుచుండెడివాఁడు. పేరు లేదు, కొలతలు మాత్ర ముండెడివి. తన డబ్బిచ్చి తన చిత్రము తీయించుకొన్నవాఁ డట్లు నిలువఁడు. తాను లోకమునకెట్లు కానవలయునో తానే నిర్ణయించును.

ఆ ప్రదర్శనముననే సామ్యూల్ ఫోసో చిత్రములును గలవు. ఈతఁడును ఇగ్బోయే, బాల్యమున బయాఫ్రా యుద్ధము ననుభవించినవాఁడే. పదుమూఁడేండ్ల ప్రాయమున బాంగీ నగరమున ఛాయాచిత్రశాల పెట్టి, పగలు తీసిన చుట్టలలో మిగిలిన కొసలతో రాత్రులు తన్నుఁ దానే చిత్రించుకొని, తాను క్షేమమని నైజీరియాలోని యవ్వకుఁ బంపుచుండెడివాఁడు. యుద్ధమునఁ జావవలసిన బాలుఁడు నల్లకళ్లద్దములు పెట్టుకొని ఠీవిగా నిలిచిన యా చిత్రముల ప్రక్క వ్యాఖ్యానఫలక మక్కఱలేదు. ఎన్వెజర్ చెప్పఁదలఁచిన దంతయు నా చిత్రములే చెప్పినవి. ప్రాచీనశిల్పముల ప్రదర్శనమున కీ గదులు తాత్పర్యటీకవంటి వయ్యెను. ఆఫ్రికావాసి మనతోఁ బాటు నీ గడియారముననే జీవించుచున్నాఁడను మాట నా టీక పల్కినది. బ్యురెన్ చెప్పిన దోష మిట శంకింపరాదు. మూలమును గప్పని వ్యాఖ్య యిది.

1997లో నడపిన రెండవ జొహానెస్‌బర్గు ద్వైవార్షికప్రదర్శన మంతటి భాగ్యమునకు నోఁచుకొనలేదు. 'వాణిజ్యమార్గములు: చరిత్రయు భూగోళమును' అని దానికిఁ బేరు. వాస్కో డ గామా 1497లో దక్షిణాఫ్రికా కొసను జుట్టి మన తీరమునకు వచ్చినవాఁడు. సరిగా నైదువందలయేండ్లకు నా దేశముననే వాణిజ్యవలసల చరిత్రను బ్రశ్నించుట యుచితముగా నుండెను. ఆఱుగురు సహాయకులు వేఱువేఱు ప్రదర్శనములను గూర్చిరి. కాని వర్ణవివక్షప్రభుత్వ మంతరించి నాలుగేండ్లైనఁ గాలేదు. నగరమునకు ధనము చాలకుండెను. తమ నగరమున దమ్ముఁ గూర్చికాక పరదేశుల గూర్చి మాటలాడుచున్నారని స్థానికులు గొందఱు కినిసిరి. గడువునకు నెలదినములు ముందుగానే దానిని మూసివేసిరి. మూఁడవ ద్వైవార్షికప్రదర్శనము మఱి జరుగనే లేదు. ఇందు నగరపాలకుల దోష మెంత యున్నను, ఇంటివారితోఁ బలుకవలసినచోట విదేశీయపండితులతోఁ బల్కిన దోషము ప్రదర్శనకర్తదే.

ఆ లోపము 2001లో దీఱినది. 'హ్రస్వశతాబ్ది' యను పేర మ్యూనిక్ నగరమున మొదలై, బెర్లిన్, షికాగో, న్యూయార్కులకుఁ బోయిన యా ప్రదర్శనము 1945 మొదలు 1994 వఱకు జరగిన ఆఫ్రికా స్వాతంత్ర్యోద్యమముల చరిత్ర. ఇందుఁ జిత్రపటములతోఁబాటు గోడప్రకటనలు, నాయకుల ముఖములు ముద్రించిన వస్త్రములు, పాటలపళ్ళెముల యట్టలు, పత్రికలు, చలనచిత్రములు, క్రొత్తరాజధానుల భవనముల నమూనాలు సమానగౌరవముతో నమర్పఁబడినవి. నాయకుని ముఖమచ్చైన వస్త్రమును బల్లెటూరి స్త్రీ కట్టుకొని సంతకుఁ బోవుట చరిత్రకు నిదర్శనము గాదా? గ్రంథస్థమైన చరిత్రలో నా వస్త్రమునకుఁ దావులేదు, ప్రదర్శనశాలగోడపైఁ గలదు. చరిత్రరచన యను పనికి గోడ కాగితముకంటె నెక్కు వుపకరించు సందర్భ మిట్టిది. కళ యేది, నిదర్శన మేది యను భేదమును జెఱపి చూపుట కొందఱికి రుచింపకపోవచ్చును. కాని శాసనములందుఁ బద్యములు చెక్కిన దేశమున నా భేదము గొప్పదిగాఁ దోఁపదు.

ఇంతలో డాక్యుమెంటా భార మాతనిపైఁ బడినది. రెండవ ప్రపంచయుద్ధమున బాంబులకు ధ్వంసమైన కాసెల్ నగరమున ఆర్నల్డ్ బోడె 1955లో నీ ప్రదర్శనమును స్థాపించెను; నాజీలు నిషేధించిన కళను జర్మనులకు మరలఁ జూపుట తొలి యాశయము. క్రమముగా నది యైదేండ్ల కొకమాఱు నూఱుదినములు జరగు మహోత్సవమై, పాశ్చాత్యకళకుఁ బరీక్షాస్థానమైనది. పదునొకండవ డాక్యుమెంటాకు నధ్యక్షునిగా 1998లో ఎన్వెజరును నియమించిరి. యూరపునకు బయటఁ బుట్టినవాఁ డా పదవి పొందుట యదియే మొదలు.

ఆతఁడు చేసిన మొదటిపని, కాసెల్ ప్రదర్శనమును నైదవ వేదికగా మార్చి, దానికి ముందు నాలుగు చర్చావేదికలను దేశాంతరముల నెలకొల్పుట. ప్రజాస్వామ్యమును గూర్చి వియన్నాలోను బెర్లినులోను. భాషాజాతిసంకరమును గూర్చి కరీబియను సముద్రమందలి సెయింట్ లూషియా ద్వీపమున. నాలుగు ఆఫ్రికా మహానగరములను గూర్చి లేగోసున. రెండవ వేదిక 2001 మే మాసమున ఢిల్లీలో జరగెను. అందలి చర్చనీయాంశము: ఘోరములు జరగిన పిదప నొక జాతి సత్యమును వెల్లడించి, న్యాయమునకును సమాధానమునకును నెట్లు చేరును? దక్షిణాఫ్రికాలోని సత్యసంఘము దీనికిఁ బ్రేరకము. వేదికకుఁ బెట్టిన పేరు గాంధీమహాత్ముని యాత్మకథనుండి గ్రహింపఁబడినది. ఆంధ్రులు సత్యశోధన మని యెఱిఁగిన గ్రంథమే యది. దక్షిణాఫ్రికాలో మొలచిన యొక భావము ఢిల్లీకి వచ్చి, మరల దక్షిణాఫ్రికా దుఃఖమునకు మాట యిచ్చినది. చిత్రము లొక్కటియుఁ జూపకమునుపే యేఁడాదికిఁ బైగా న్యాయవేత్తలును జరిత్రకారులును మాటలాడుట చిత్రకళోత్సవమున కేల యని యూరపు విమర్శకులు గొందఱు వెక్కిరించిరి. నాటకమునకు నాంది దీర్ఘమైనదన్న మాట నిజమే. కాని యాతని యభిప్రాయము వేఱు. కళాకృతికి జన్మస్థానమగు ప్రశ్నను మొదట నడుగవలెను, ఆ ప్రశ్న పుట్టినచోటనే యడుగవలెను. తరువాతనే కృతిని జూపవలెను. ఢిల్లీ, లేగోసుల ప్రజలు కాసెలునకు రాలేరు; కాసెలే వారియొద్దకుఁ బోవలసియుండెను.

2002 జూను 8వ తేదీనుండి సెప్టెంబరు 15వ తేదీవఱకు జరగిన ప్రదర్శనమును ఆఱున్నర లక్షలమంది దర్శించిరి. అందలి కృతులలోఁ గొన్నిటిని దలఁపవలసియున్నది. అమర్ కన్వర్ అను భారతీయుని చలనచిత్రము వాఘా సరిహద్దునఁ దెఱపెత్తును. సాయంకాలము రెండుదేశముల సైనికులును గాళ్లెత్తి నేల తన్నుకొనుచు జెండాలు దించుదురు. పగలు నీలియంగీల కూలీలును నెఱ్ఱయంగీల కూలీలును తెల్లగీఁతకు నిరుప్రక్కల నిలిచి మూటల నొకరితలపైనుండి యొకరితలపైకి మార్చుకొందురు. గీఁత దాఁటుటకు మూటకుఁ గల స్వాతంత్ర్యము మనుష్యునకు లేదు. విభజనమును బాల్యమున నిండ్లలో విన్న కథలుగా నెఱిఁగిన కన్వర్, గాంధీజీ యహింసను గూర్చి తనలోఁ దాను వితర్కించుకొనుచు దానిని నడపెను. ఢిల్లీ వేదికమీఁద జరగిన చర్చ కిది యుదాహరణము గాదు, ప్రత్యుత్తరము. చర్చ సమాధానమును గోరెను, చిత్రము సమాధానము చెప్పక సందేహమును మిగిల్చెను.

ఉగాండాలోఁ బుట్టి, 1972లో నా దేశమునుండి భారతీయులు వెడలఁగొట్టఁబడిన పిదప బాల్యముననే బ్రిటనునకుఁ జేరిన జరీనా భీమ్‌జీ తీసిన చిత్రమున మనుష్యుఁ డొక్కఁడైనఁ గానరాఁడు. విడువఁబడిన యిండ్లు, చెఱసాల గోడలు, సాలెగూళ్లు, విమానాశ్రయము. స్టీవ్ మెక్వీన్ చిత్రము జొహానెస్‌బర్గు సమీపమందలి యతిలోతైన బంగారుగనిలోనికి దిగును. పనివాండ్రతో దిగు పంజరమున బహుక్షణములు చీఁకటియు యంత్రఘోషయుఁ దప్ప వేఱొండు లేదు. ప్రేక్షకుఁడు కూర్చున్న గదియే గనియగును. ఈ మూఁటిని బ్రక్కప్రక్కలఁ జూచినవానికి వలస, సరిహద్దు, కూలి యను మూఁడు మాటలును నొక్కవ్యాకరణమునకే చెందినవని బోధపడును. ఇట్లు చూచుకొన్న, ఎన్వెజర్ కూర్పు కవిసమయమువలెఁ బనిచేసినది.

దోషములు లేకపోలేదు. చలనచిత్రము లంతగా నెక్కువయ్యెను. రెండుమూఁడు దినములకై వచ్చిన యాత్రికుఁడు సగమైనఁ జూడఁజాలఁడు. చూడశక్యముగాని దానిని ప్రదర్శించుట యెట్టి ప్రదర్శన మని యడిగిన ప్రశ్నకు, లోక మొక్కచూపునకుఁ జిక్కునది గాదని యాతని పక్షమువారు ప్రత్యుత్తరమిచ్చిరి. ఆ ప్రత్యుత్తరము చమత్కారమే గాని సమాధానము గాదు. వేయిపుటల గ్రంథమును సగము చదివి మూసినవాఁడు తరువాత నింటనైనఁ జదువుకొనును. నూఱుదినముల ప్రదర్శనమునకు నా వెసులుబాటు లేదు. ఇంకొకటి. కాసెల్ శివారున విదేశీయవలసకార్మికులు వసించు వాడలో థామస్ హిర్ష్‌హార్న్ అను శిల్పి, ఫ్రెంచి రచయిత జార్జి బతాయ్ పేర, ఆ వాడవారి చేతులతోనే గ్రంథాలయము, టెలివిజను గది, ఫలహారశాల కట్టించెను. ప్రధానశాలలలో శుభ్రమైన తెల్లగోడలమధ్య శాంతముగా నమరిన దుఃఖముకంటె, ఆ వాడలోని యట్టపెట్టెల గుడిసెలో నేర్చుకొన్నది యెక్కు వనిపించుట ప్రేక్షకులకుఁ దప్పలేదు. లోకమును దలక్రిందు చేయఁదలఁచిన కూర్పు, గదుల యమరికలో మాత్రము పాతమర్యాదనే పాటించినది.

తరువాత సెవీల్, గ్వాంగ్జు నగరముల ద్వైవార్షికప్రదర్శనములు నడపెను. శాన్‌ఫ్రాన్సిస్కోలో నొక కళావిద్యాలయమున డీన్ పదవిని నిర్వహించెను. వానినిగూర్చి విస్తరింప నక్కఱలేదు. 2012లో న్యూయార్కున రోరీ బెస్టరుతోఁ గలసి కూర్చిన వర్ణవివక్షకాలపు ఛాయాచిత్రప్రదర్శనము మాత్ర మాతని కృషిలో నుత్తమశ్రేణిది. దక్షిణాఫ్రికాలో 1948లో వర్ణవివక్ష రాజ్యాంగనీతి యగుటతోడనే ఛాయాచిత్రము స్వభావమే మాఱినదనియు, అంతవఱకు జాతులను వర్ణించు పరికరముగా నున్నది నేరమునకు సాక్షి యైనదనియు నా ప్రదర్శనవాదము. పీటర్ మగుబానె, ఎర్నెస్ట్ కోల్, డేవిడ్ గోల్డ్‌బ్లాట్ మొదలగువారి చిత్రము లందుఁ గలవు. తుపాకులును రక్తమును గల చిత్రములకంటె, తెల్లవారికి మాత్ర మని వ్రాసిన బల్లయు, అనుమతిపత్రము చూపుచు వరుసలో నిలిచిన కూలియుఁ గల చిత్రములే యిందు లోతుగా నాటును. దౌర్జన్యము కచేరీకాగితములలో నెట్లు కాపురముండునో రాజనీతిశాస్త్రము చదివినవాఁడే చూపవలెను. మరుసటియేఁడు మ్యూనిక్కునందును, 2014లో జొహానెస్‌బర్గునందును దానిని జూపిరి. 1997లో నలిగిన నగరమునకు నాతఁడు తీర్చుకొన్న ఋణమిది యనవచ్చును.

2011లో మ్యూనిక్కునందలి 'హౌస్ డెర్ కున్స్ట్' అను కళాభవనమునకు నధ్యక్షుఁ డయ్యెను. ఆ భవనము హిట్లరు కట్టించినది. 1937 జూలై 18వ తేదీన శుద్ధజర్మనకళాప్రదర్శనముతోఁ దెఱవఁబడినది. మఱునాఁడే యా నగరమున, దానికి సమీపముననే, నాజీలు 'పతితకళ' యని పేరిడి నవ్యచిత్రములను బరిహాసార్థము ప్రదర్శించిరి. అట్టి భవనమున నొక యిగ్బో జాతీయుఁ డధ్యక్షుఁడై, 2016లో సహచరులతో 'యుద్ధానంతరము' అను ప్రదర్శనమును నెలకొల్పెను. 1945 మొదలు 1965 వఱకు నఱువదియైదు దేశముల కళాకారులు 218 మంది చేసిన కృతు లందుఁ గూర్పఁబడినవి. హిరోషిమా దాహమును జపాను దేశీయులగు మరూకి దంపతులు చిత్రించిన పటములతోఁ బ్రారంభము. తరువాతి గదులలో హుసేన్, సౌజా మొదలగు భారతీయులును, ఈజిప్టు, నైజీరియా, బ్రెజిల్ దేశీయులును, ప్యారిస్ న్యూయార్కుల ప్రసిద్ధులతో సరిపీఁటఁ గూర్చుండిరి. నవ్యకళ ప్యారిసున జనించి న్యూయార్కునఁ బెరిగి మిగిలినదేశముల కుచ్ఛిష్టముగా వచ్చినదను కథ పాఠ్యగ్రంథములలోఁ జిరకాలము చెల్లినది. ఆ కథను వాదముతోఁ గాక వస్తువులతో ఖండించుట యీ ప్రదర్శనమున జరగినది. అయినను నొక్కొక్కరికి నొకటి రెండు పటములే చోటు దొరకుటచే, చిత్రకారులు గొందఱు తమ దేశముల రాయబారులవలె నిలిచిరే కాని తామై పలుకలేదు. సరిపీఁట వేయుట న్యాయము. వడ్డించుట కూడ నుండవలెను.

అంతకు ముందటియేఁడు, 2015లో, వెనీస్ ద్వైవార్షికప్రదర్శనమున కాతఁ డధ్యక్షుఁడు. 1895లో మొదలైన యా యుత్సవమునకు ఆఫ్రికాఖండమునఁ బుట్టినవాఁ డధ్యక్షుఁ డగుట యదే ప్రథమము; డాక్యుమెంటాను వెనీసును రెంటిని నడపినవాఁడు జేమాను తరువాత నీతఁడే. ప్రధానమండపమున రంగస్థలము కట్టించి, కార్ల్ మార్క్స్ 'పెట్టుబడి' గ్రంథమును నెలలతరబడి పారాయణము చేయించెను. పురాణపఠన మలవడిన దేశమువారి కది వింత కాదు. వెనీసు రేవున ధనికుల విలాసనౌకలు లంగరు వేసియుండ, లోపల శ్రమదోపిడిని గూర్చి పారాయణము జరగుట చూచి పలువురు నవ్విరి. ఆ నవ్వునకుఁ గారణము లేకపోలేదు. ఇచట బ్యురెన్ యాక్షేపణము నిజముగాఁ దగిలినది: కృతులు పెక్కు, వానిపై వాదము బరువు, చిత్రము చిత్రముగాఁ గానవచ్చుటకు మునుపే యర్థము కానవచ్చును. సారా సీసాల మూఁతలను రాగితీఁగతో నల్లి రాజవస్త్రములవలె వ్రేలాడఁదీయు ఎల్ అనాట్సుయికి జీవితసాధనకై యిచ్చిన స్వర్ణసింహపురస్కార మా యేఁటి వెనీసునఁ జిరస్మరణీయము.

పాశ్చాత్యసంస్థల ధనముతోఁ బాశ్చాత్యులను విమర్శించినాఁడనుట యాతనిపై వేసిన మఱియొక నింద. ఇది యంత బలమైనది కాదు. కోటగోడను బయటనుండి తిట్టుటకంటె ద్వారపాలకుని తాళములు పుచ్చుకొనుట మేలని యాతఁ డెంచెను. తాళములు చేతఁజిక్కిన తరువాత నితరులకుఁ దలుపు తెఱచెను. ఆతని సహాయకులుగాఁ బనిచేసినవారు పలువురు తరువాతఁ దామును బ్రదర్శనకర్తలైరి. విమర్శింపవలసినది ధనమును గాదు, పరిమాణమును. చిన్నగదులలో ఛాయాచిత్రములతోను నిదర్శనములతోను బల్కినపు డాతఁడు మహావ్యాఖ్యాత. మహోత్సవముల నడపినపుడు వ్యాఖ్య మూలమును మించిపోయినది. డాక్యుమెంటా రెంటికి నడుమ నున్నది.

2018 జూను మాసమున నస్వస్థుఁడై మ్యూనిక్ పదవిని విడిచెను. 2019 మార్చి నెలలో నా భవనముననే, ఒకెకే-అగులుతోఁ గలసి తాను గూర్చిన అనాట్సుయి ప్రదర్శనము తెఱవఁబడెను. వారము తిరుగఁగనే, 15వ తేదీన, ఏఁబదియైదేండ్ల ప్రాయమునఁ గాన్సరు వ్యాధిచే మరణించెను.

చేతనున్న పనులు రెండు మిగిలినవి. నన్నయ విడిచిన యారణ్యపర్వశేషము నెఱ్ఱన పూరించినట్లు వానిని నితరులు పూరింపవలసివచ్చెను. అమెరికాలో నల్లజాతివారి శోకమును, తెల్లవారిలోఁ గొందఱు రాజకీయముగాఁ బెంచుకొన్న కినుకను నెదురెదురుగా నిలిపి చూపఁదలఁచిన ప్రదర్శనమును, 2020 అధ్యక్షనిర్వాచనమునకు ముందే తెఱవవలెనని యాతఁడు తలఁచెను. మహమ్మారివలన నాలస్యమై, నలుగురు మిత్రుల సాయమున 2021 ఫిబ్రవరిలో న్యూయార్కునఁ దెఱవఁబడెను. రెండవది షార్జా పదునైదవ ద్వైవార్షికప్రదర్శనము. వర్తమానమును జరిత్రదృష్టితోఁ దలపోయుట యను సూత్రము నాతఁడు వ్రాసియిచ్చెను. హూర్ అల్ ఖాసిమీ దానిని బట్టి కళాకారుల నెన్నుకొని 2023 ఫిబ్రవరిలో నడపెను. సూత్ర మాతనిది, ఏ పటము ప్రక్క నే పటము నిలువవలెనో నిర్ణయించిన చేయి మాత్ర మాతనిది కాదు.